పాత పికప్ బండి కొనవచ్చునా? – పంచాయతీ సభ్యులు యోచింపవలసిన విషయములు

కడప జిల్లాలో ఎర్రగుంట్ల పరిసరములు బరువులు మోయు సీమ. ఒకవైపున సిమెంటు కర్మాగారములు, మరియొకవైపున నాపరాతి గనులు, కలమల్ల వద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము, వీని నడుమ పత్తి, శనగ, జొన్న పండు నల్లరేగడి చేలు. మద్రాసు–బొంబాయి రైలుమార్గము మీదనున్న ఈ ఊరికి 2016లో నంద్యాల నుండి వచ్చు మార్గము కూడ కలిసినది. అయినను స్టేషను నుండి దుకాణమునకు, గని నుండి ఇంటి నేలకు, చేను నుండి ప్రొద్దుటూరు మార్కెట్టునకు సరకు చేరవలెనన్న రైలు చాలదు. చిన్న బండి కావలెను.

ఒకప్పుడు ఈ పని ఎడ్లబండి చేసెడిది. తరువాత ట్రాక్టరు వచ్చినది. 1988లో టాటావారి పికప్, 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ వారి దోస్త్, వీనితోపాటు మహీంద్రావారి బొలెరో పికప్ వచ్చి పల్లెదారులలో స్థిరపడినవి. మొదట వీనిని కొన్నవారు నేడు క్రొత్తవి కొని పాతవి అమ్ముచున్నారు. అందుచేత "తక్కువ ధరకు మంచి బండి యున్నది, కొందమా?" అను ప్రశ్న గ్రామములందు తరచుగా వినబడుచున్నది. చెత్త తరలింపునకో, వేసవిలో నీటి సరఫరాకో బండి కావలెనని పంచాయతీ సమావేశములలో ప్రస్తావన వచ్చును. స్వయం ఉపాధి కోరు యువకులు సభ్యుల సలహా అడుగుదురు.

ఈ ప్రశ్నకు "కొనవలెను" అని గాని, "కొనరాదు" అని గాని అందరికి ఒకే సమాధానము లేదు. అయితే సమాధానమును కనుగొను మార్గము కలదు. అమ్మువాడు చెప్పు ధరను చూచి నిర్ణయింపక, ఆ బండిలో మిగిలియున్న ఆయుష్షును, దానికి మనము నిజముగా చూపగల పనిని, దానితో వచ్చు బాధ్యతను చూచి నిర్ణయింపవలెను. ధర ఒక్కసారి చెల్లించునది. తక్కిన మూడు మనతో నిలిచియుండునవి.

పని ఏది? బరువెంత?

బండిని చూచుటకు పోవుటకు ముందే పనిని నిర్ణయించుకొనవలెను. అట్లుకాక బండిని ముందు చూచి, దానికి తగిన పనిని తరువాత వెదకువారు నష్టపోవుదురు.

పనిని నిర్ణయించుట యనగా బరువును లెక్కించుట. మన ప్రాంతపు సరకు చూపునకు చిన్నది, తూకమునకు పెద్దది. అంగుళము మందము గల నాపరాతి బండలు 100 చదరపు అడుగులు పేర్చినచో తొట్టిలో ఒక మూలకు వచ్చును. కాని వాని బరువు 600 కిలోలు దాటును. సిమెంటు బస్తా 50 కిలోలు. 15 బస్తాలు 750 కిలోలు. మొదట వచ్చిన టాటా ఏస్ మోయగల బరువు సుమారు ఇంతే. నీటి విషయము ఇంకను ముఖ్యము. ఒక లీటరు నీరు ఒక కిలో గావున, వెయ్యి లీటర్ల ట్యాంకు నిండినచో, ట్యాంకు బరువును విడిచినను, వెయ్యి కిలోలు. అనగా చిన్న బండిపై వెయ్యి లీటర్ల ట్యాంకు బిగించిన నాడే అది అధిక భారమగును. పైగా సగము నిండిన ట్యాంకులో నీరు ఊగుచు, మలుపులలో బండిని ప్రక్కకు లాగును.

చెత్త తరలింపు దీనికి విరుద్ధము. అది చోటు ఎక్కువ తినును, బరువు తక్కువ. ఇందుకు చిన్న బండి చాలును. పెద్దదానిని కొన్నచో డీజిలు వృథా. అందుచేత "నీటికిని, చెత్తకును, ఇసుకకును అన్నింటికిని పనికివచ్చును" అను మాటను నమ్మరాదు. త్రాగునీటికిని చెత్తకును ఒకే తొట్టి వాడుట ఆరోగ్యరీత్యా కూడ తగదు.

బండి ఎంత బరువు మోయవచ్చునో రిజిస్ట్రేషను పత్రములోనే వ్రాసియుండును. ఖాళీ బండి బరువు, సరకుతో కూడిన మొత్తము బరువు రెండును అందు కనిపించును. రెంటికిని గల తేడాయే మోయదగిన భారము. దానిని మించినచో 2019 సవరణ చట్టము ప్రకారము 20,000 రూపాయల జరిమానా, అధికముగానున్న ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు విధింపవచ్చును. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకు బండికి మోటారు వాహనముల చట్టము క్రింద పర్మిటు అక్కరలేదు. అంతకు మించినదానికి పర్మిటు ఉండి తీరవలెను. ఈ ఒక్క సంఖ్యను చూడక కొన్నవారు పిమ్మట చిక్కులు పడుచున్నారు.

మిగిలిన ఆయుష్షు

స్వంతదారు ఎవరన్నదానిని బట్టి పాతబండి ఆయుష్షు మారును. ఇది పంచాయతీ సభ్యులు మొట్టమొదట గుర్తుంచుకొనవలసిన విషయము.

కేంద్ర మోటారు వాహనముల నియమములకు 2023 జనవరిలో చేసిన సవరణ అదే సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములకు, పురపాలక సంఘములకు, పంచాయతీలకు, ప్రభుత్వ రంగ సంస్థలకు చెందిన వాహనముల రిజిస్ట్రేషను, మొదట రిజిస్టరు చేయించిన నాటి నుండి 15 ఏండ్లు నిండగానే ముగియును. దానిని మరల పొడిగింపరు. అటువంటి బండిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు అప్పగింపవలెను. ప్రైవేటు వ్యక్తి చేతిలో నున్న సరకు బండి సామర్థ్య పరీక్షలో నెగ్గుచున్నంతకాలము 15 ఏండ్ల తరువాత కూడ నడువగలదు. అదే బండిని పంచాయతీ కొన్నచో ఆ వెసులుబాటు పోవును.

దీని ఫలితమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. అంకెలు ఉదాహరణకు మాత్రమే. 12 ఏండ్ల బండి 2,40,000 రూపాయలకు, 7 ఏండ్ల బండి 4,80,000 రూపాయలకు అమ్మకమునకు వచ్చినవనుకొందము. చూపునకు మొదటిది సగము ధర. కాని పంచాయతీ చేతిలో మొదటిదానికి మిగిలినది 3 ఏండ్లు, రెండవదానికి 8 ఏండ్లు. అనగా మొదటిది ఏడాదికి 80,000 రూపాయలు, రెండవది ఏడాదికి 60,000 రూపాయలు పడినవి. చౌక అనుకొన్నదే ప్రియమైనది. మరమ్మతుల ఖర్చును కూడ చేర్చినచో ఈ తేడా ఇంకను పెరుగును.

ప్రైవేటు స్వంతదారునకు కూడ వయస్సు మీరిన బండి వలన ఖర్చు హెచ్చును. సరకు బండికి 8 ఏండ్లు నిండువరకు రెండేండ్లకొక పర్యాయము, తరువాత ప్రతి ఏడాది సామర్థ్య పత్రము, అనగా ఎఫ్.సి., పొందవలెను. 15 ఏండ్లు దాటిన బండ్లకు ఈ పరీక్ష రుసుమును 2022 ఏప్రిల్ నుండి బాగుగా పెంచినారు. పాత రవాణా వాహనములపై హరిత పన్ను కూడ కలదు. పరీక్షకు ముందు రంగు, లైట్లు, బ్రేకులు సరిచేయించు ఖర్చును, బండి నిలిచిన దినముల నష్టమును లెక్కలో వేసికొనవలెను.

కొనుట మేలా? అద్దె మేలా?

బండి నెలకు ఎన్ని దినములు నడుచునో చెప్పలేనివారు కొనరాదు. మరల ఉదాహరణకే కొన్ని అంకెలు తీసికొందము. పైన చెప్పిన 12 ఏండ్ల బండికి ధరలో ఏడాది వంతు 80,000, బీమా, ఎఫ్.సి., పన్నులు 40,000. టైర్లు, మరమ్మతులు 60,000. డ్రైవరు జీతము నెలకు 12,000 చొప్పున 1,44,000. మొత్తము ఏడాదికి 3,24,000 రూపాయలు, నెలకు 27,000 రూపాయలు. ఇందులో డీజిలు చేరలేదు. డ్రైవరుతో కూడ, డీజిలు మనము పోసికొను పద్ధతిన, దినమునకు 1,500 రూపాయలకు అద్దె బండి దొరకుననుకొన్నచో, 27,000 రూపాయలకు 18 దినములు బండి నడుపుకొనవచ్చును.

కావున నెలకు 18 దినముల కంటె తక్కువ పనియున్న గ్రామమునకు అద్దె బండియే లాభము. వేసవిలో రెండు మూడు నెలలు మాత్రమే నీటికై బండి అవసరమగు గ్రామము ఏడాదంతయు డ్రైవరునకు జీతమిచ్చుట తగదు. దినము తప్పక ఇంటింట చెత్త సేకరించు పెద్ద గ్రామమునకు స్వంత బండి సమంజసము కావచ్చును. రెండు మూడు చిన్న పంచాయతీలు ఒకే బండిని దినములు పంచుకొని అద్దెకు మాట్లాడుకొనుట మరియొక ఉపాయము. మీ గ్రామపు అద్దె, జీతము, మరమ్మతుల అంకెలను పై లెక్కలో వేసి, ఫలితమును సమావేశమున చదివి వినిపింపుడు. ఆ తరువాత వాదములు తగ్గును.

నిధుల విషయము కూడ ముందుగా తేల్చుకొనవలెను. 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామ పంచాయతీల గ్రాంటులో 60 శాతమును త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ప్రత్యేకించినది. ప్రత్యేకింపని భాగమును సయితము జీతములకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదని నిబంధించినది. బండి కొనుటకు ఒకసారి నిధి దొరకినను, డ్రైవరు జీతము, డీజిలు, బీమా ప్రతి ఏడాది ఏ పద్దు నుండి వచ్చునో తేలవలెను. ఆ సంగతి తేలక కొన్న బండి పంచాయతీ కార్యాలయము ప్రక్కన టైర్లు దిగి నిలిచిపోవును.

బండిని చూచు విధము

బండిని ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడు చూడవలెను. అమ్మువాడు ముందే వేడిచేసి ఉంచినచో, మరియొకనాడు వచ్చెదమని చెప్పుట మంచిది. బలహీనమైన ఇంజను, బలహీనమైన బ్యాటరీ చల్లని వేళనే బయటపడును.

స్టార్టు చేసిన పిమ్మట పొగను గమనింపవలెను. నీలి పొగ ఎడతెగక వచ్చుచున్నచో ఇంజను ఆయిలు కాలుచున్నదని అర్థము. పిస్టను రింగులు గాని వాల్వు సీళ్ళు గాని అరిగియుండును. నల్లపొగ హెచ్చుగానున్నచో ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయియుండవచ్చును, లేదా ఇంధన పంపులో దోషముండవచ్చును. సిమెంటు, రాతి దుమ్ములలో తిరిగిన బండికి ఫిల్టరు సంగతి మొదట చూడవలెను. దుమ్ము లోనికి చేరిన ఇంజను త్వరగా అరుగును. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగనిచో, నీరు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. ఇంజను నడుచుచుండగా ఆయిలు పోయు మూత తీసినప్పుడు ఆవిరి బుసకొట్టుచు వచ్చుట అరుగుదలకు గుర్తు. రేడియేటరు మూతను చల్లగా నున్నప్పుడు మాత్రమే తీసి, నీటిపై నూనె తెట్టు ఉన్నదా యని చూడవలెను. మన వేసవి యెండలలో రేడియేటరు బాగులేని బండి నడి దారిలో నిలిచిపోవుట తప్పదు.

ఇంజను కంటెను మన ప్రాంతములో ముఖ్యమైనది ఛాసీ. రాతి బండలు, సిమెంటు మోసిన బండ్లు అధిక భారమునకు గురియై యుండును. ఇంజనును మరమ్మతు చేయింపవచ్చును. వంగిన, పగిలిన ఛాసీని మునుపటివలె చేయుట కష్టము. బండి క్రిందికి దూరి, పొడవునా చేతితో తడిమి, వెల్డింగు అతుకులున్నవా, క్రొత్త రంగు మచ్చలున్నవా చూడవలెను. ఒక్కచోట మాత్రము క్రొత్తగా రంగు వేయుటకు ఏదో కారణముండును. కమాను పట్టీలలో విరిగినవి, అదనముగా చేర్చినవి ఉన్నవా లెక్కింపవలెను. కంపెనీ అమర్చినదానికంటె పట్టీలెక్కువగా నున్నచో, ఆ బండి తన శక్తికి మించి మోసినదని అదే చెప్పును. సమమైన నేలమీద నిలిపి వెనుక నుండి చూచిన, ఒక ప్రక్కకు ఒరిగియున్నదా తెలియును. టైర్లు ఒకవైపే అరిగియున్నచో అమరికలోనో, ఇరుసులోనో దోషమున్నది.

తరువాత సరకుతో నడిపి చూడవలెను. ఖాళీ బండి ఏదైనను బాగుగనే నడుచును. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను చప్పుడు పెరిగి వేగము పెరుగకున్నచో క్లచ్చి జారుచున్నది. గేరు తనంతట తాను వదలుచున్నచో గేరుబాక్సు అరిగినది. వెనుక ఇరుసు నుండి ఊళ వంటి ధ్వని వచ్చినచో అది పెద్ద ఖర్చు. బ్రేకు వేసినప్పుడు బండి ప్రక్కకు లాగరాదు. ఓడోమీటరులో కనిపించు కిలోమీటర్లను నమ్మి ధర కట్టరాదు. పెడళ్ళ రబ్బరు, స్టీరింగు చక్రము, డ్రైవరు సీటు ఎంత అరిగినవో చూచినచో బండి ఎంత తిరిగినదో కొంత తెలియును. అమ్మువాని మెకానిక్ కాక, మీరు నమ్మిన మెకానిక్‌ను రుసుమిచ్చి తీసికొనిపోవుడు. ఆ రుసుము వృథా కాదు.

కాగితములే బండికి సగము

ఎర్రగుంట్ల మండలములోని కలమల్లలో దొరికిన శాసనమును, క్రీ.శ. 575 ప్రాంతపుదానిని, తెలుగు భాషలో లభించిన తొలి శాసనముగా పండితులు గుర్తించినారు. ముఖ్యమైన సంగతిని వ్రాసి నిలుపుట ఈ సీమకు నిన్నటి అలవాటు కాదు. అటువంటి సీమలో నేడు లక్షల విలువగల బండ్లు తెల్లకాగితముపై సంతకముతో చేతులు మారుట విచారకరము.

మొదట రిజిస్ట్రేషను పత్రములోని ఛాసీ నంబరును, ఇంజను నంబరును బండిపై చెక్కిన నంబర్లతో అక్షరమక్షరము పోల్చవలెను. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు వేసి, ఎఫ్.సి., బీమా గడువులను చూడవచ్చును. చెల్లింపని ఈ-చలానులున్నవేమో కూడ తెలిసికొని, అమ్మువాని చేతనే కట్టింపవలెను. త్రైమాసిక పన్ను బకాయి ఉన్నదా అడుగవలెను.

పత్రములో ఫైనాన్సు కంపెనీ పేరు నమోదై యున్నచో, బండిపై అప్పున్నట్లు. "అప్పు తీరినది, పేరు మాత్రము ఉండిపోయినది" అను మాట చాలదు. కంపెనీ ఇచ్చిన నిరభ్యంతర పత్రమును, ఫారము 35ను సమర్పించి ఆ నమోదును కొట్టివేయించిన తరువాతనే పూర్తి డబ్బు ఇయ్యవలెను. కానిచో కంపెనీవారు వచ్చి బండిని తీసికొనిపోవుదురు. కొన్నవాడు అమ్మినవాని వెంట తిరుగవలసివచ్చును.

నంబరు పలక కూడ కొంత చెప్పును. ఏపీ 04 అన్నది కడప జిల్లా పాత సంఖ్య, ఏపీ 02 అనంతపురము, ఏపీ 21 కర్నూలు. 2019 ఆరంభము నుండి రాష్ట్రమంతటికి ఏపీ 39 అను ఒకే వరుస వచ్చినది గావున, ఆ తరువాతి బండి ఏ జిల్లాదో పలకను బట్టి తెలియదు. కర్ణాటక, తెలంగాణ మున్నగు ఇతర రాష్ట్రముల బండియైనచో అక్కడి అధికారుల నిరభ్యంతర పత్రము కావలెను. పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచినచో ఇక్కడి నంబరు తీసికొనవలెను. ఇందులో మోసమునకు అవకాశము హెచ్చు. బి.ఎస్.-3 వాహనముల అమ్మకమును సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుండి నిషేధించిన పిమ్మట, అటువంటి లారీలను తుక్కు క్రింద కొని, వేరొక రాష్ట్రములో బి.ఎస్.-4 వాహనములుగా రిజిస్టరు చేయించి తెచ్చినారను ఆరోపణపై 2020లో మన పొరుగు అనంతపురము జిల్లాలో కేసులు నమోదైనవి. దూరపు రిజిస్ట్రేషను గల బండి మిక్కిలి చౌకగా వచ్చినప్పుడు రవాణా కార్యాలయములో విచారింపక ముట్టరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది పేరు మార్పు. ఫారము 29, ఫారము 30 పై సంతకములు చేసి, అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారికి తెలుపవలెను. పలువురు ఖాళీ ఫారములపై సంతకములు తీసికొని, మరల అమ్మునప్పుడు పేరు మార్చవచ్చునని పెట్టెలో దాచుకొందురు. దీని ఫలితమెట్టిదో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుపుచున్నది. ఆ కేసులో ఒక బండి ఒకరి తరువాత ఒకరుగా పలువురి చేతులు మారినది. రిజిస్టరులో మాత్రము మొదటివాని పేరే నిలిచినది. ప్రమాదములో ఒక బాలుడు మరణించినాడు. బండిని ఏనాడో అమ్మినానని మొదటివాడు వాదించినను, రిజిస్టరులో ఎవని పేరున్నదో అతడే చట్టము దృష్టిలో స్వంతదారుడని, నష్టపరిహారమునకు అతడే బాధ్యుడని కోర్టు తీర్పు చెప్పినది. బాధితులు స్వంతదారుని కొరకు ఒకరి తరువాత ఒకరిని వెదకుకొనుచు తిరుగవలసిన అవసరము లేదని న్యాయమూర్తుల భావము.

కావున పేరు మార్పు కొన్నవానికి ఎంత అవసరమో అమ్మినవానికి అంతకంటె అవసరము. మీ గ్రామములో పాతబండి అమ్మిన రైతునకు కూడ ఈ మాట చెప్పుడు. బీమా పత్రములో సయితము 14 దినములలో పేరు మార్పించుకొనవలెను. బీమా లేని బండి రోడ్డెక్కరాదు.

అప్పు చేసి కొనువారికి

పాతబండ్లపై అప్పులు తరచుగా "ఫ్లాట్ వడ్డీ" లెక్కన ఇత్తురు. 3,00,000 రూపాయలు, ఏడాదికి 12 శాతము, మూడేండ్ల గడువు అనుకొందము. వడ్డీ 1,08,000, మొత్తము 4,08,000, నెలకు సుమారు 11,333 రూపాయల వాయిదా. ఇది నూటికి రూపాయి వడ్డీ వలె వినబడును. కాని ప్రతినెల అసలు తగ్గుచున్నను వడ్డీ మాత్రము మొదటి 3,00,000 మీదనే వేయుచున్నారు. తగ్గుచున్న అసలు మీద లెక్కించినచో ఇది ఏడాదికి సుమారు 21 శాతము, అనగా మన లెక్కలో నూటికి నెలకు రూపాయి ముప్పావు. అందుచేత వడ్డీ శాతమును కాక, "మొత్తము మీద ఎంత కట్టవలెను?" అని అడుగవలెను. ఆ మొత్తమును వాయిదాల సంఖ్యతో సరిచూచి, బ్యాంకు, సహకార సంఘముల షరతులతో పోల్చవలెను. వానలు లేని ఏడు సరకు తగ్గును, వాయిదా తగ్గదు.

సరకు బండి మనుష్యుల బండి కాదు

కూలీలను చేనికి, పెండ్లివారిని పొరుగూరికి పికప్ తొట్టిలో ఎక్కించుకొనిపోవుట పల్లెలలో మామూలైనది. ఇది చట్టవిరుద్ధము, ప్రాణాపాయము. సరకు బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికుల విషయములో నష్టపరిహారము చెల్లించు బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. సరకు స్వంతదారుడు గాని, అతని ప్రతినిధి గాని సరకుతో ప్రయాణించుట వేరు. ఇరువది మంది కూలీలు తొట్టిలో నిలుచుట వేరు. బండి బోల్తాపడినచో చనిపోయిన వారి కుటుంబములకు బీమా రాదు. పరిహార భారము స్వంతదారునిపై పడును. పంచాయతీ బండియైనచో అది పంచాయతీపై పడును. ఓటు వేసిన ఊరివారు అడిగినను, సర్పంచి బంధువులు అడిగినను, బండిని మనుష్యులకు ఈయరాదని కొనుగోలు తీర్మానములోనే వ్రాయుట మంచిది.

డ్రైవరునకు సరియైన లైసెన్సు ఉండవలెను. మొత్తము బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనమును తేలికపాటి వాహన లైసెన్సుతో నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో స్పష్టపరచినది. మన పికప్ బండ్లు ఈ పరిమితిలోనివే. లైసెన్సు గడువు తీరియున్నదేమో మాత్రము ప్రతి ఏడాది చూడవలెను.

నిర్ణయము ఎట్లు?

పంచాయతీ పాతబండిని కొనదలచినచో, ముందు మండల పరిషత్ అభివృద్ధి అధికారిని, జిల్లా పంచాయతీ అధికారిని సంప్రదించి, కొనుగోలు పద్ధతి, నిధి, అనుమతి విషయములలో వ్రాతపూర్వకమైన సలహా పొందవలెను. క్రొత్త వస్తువునకు కంపెనీ ధరల పట్టిక ఉండును; పాతదానికి ఉండదు. ఇంత ధర ఏల ఇచ్చితిరని ఆడిటువారు అడిగినప్పుడు చూపుటకు మెకానిక్ నివేదిక, రెండు మూడు బండ్ల ధరల పోలిక, సమావేశపు తీర్మానము ఫైలులో ఉండవలెను. ఇవి లేనిచో నిజాయితీగా కొన్నవారు సయితము అనుమానమునకు గురియగుదురు.

తీర్మానమునకు ముందు సభ్యులు ఈ ఏడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనవలెను. పని ఏది, బరువెంత? నెలకు ఎన్ని దినములు? 15 ఏండ్లకు ఇంక ఎన్ని ఏండ్లు మిగిలినవి, ఏడాదికి ఎంత పడినది? అద్దెతో పోల్చిన ఫలితమేమి? ఛాసీని, ఇంజనును ఎవరు పరీక్షించినారు? పేరు మార్పు, ఫైనాన్సు నమోదు, చలానులు తేలినవా? డ్రైవరు జీతము ఏ పద్దు నుండి? ఈ ఏడింటిలో ఏ ఒక్కదానికి సమాధానము లేకున్నను ఆ సమావేశమునకు తీర్మానమును వాయిదా వేయుట మేలు.

కొనరాదని తీర్మానించుట అభివృద్ధికి అడ్డు కాదు. లెక్క చూచి మానుకొన్న డబ్బు బోరుబావి మరమ్మతునకో, వీధి కాలువకో మిగులును. లెక్క చూచి కొన్న బండి ప్రతి ఉదయము వీధి వీధి తిరిగి ఊరిని శుభ్రముగా నుంచును. ఏ నిర్ణయము తీసికొన్నను ఆ ఏడు సమాధానములను తీర్మానముతో కూడ మినిట్సు పుస్తకమున వ్రాయించుడు. రేపు ఆ పీఠములపై కూర్చుండు సభ్యులకు, తామెందులకు ఆ బండిని నడుపుచున్నారో, లేక ఎందులకు అద్దెకు తీసికొనుచున్నారో ఆ పుటయే చెప్పును.